తుంటి మార్పిడి తర్వాత కీలు జారకుండా చూసుకోవడం: ఆపరేషన్‌కి ముందు నుంచి మూడో నెల దాటేదాకా

అమ్మకి కుడి తుంటి మార్పిడి జరిగిన పద్దెనిమిదో రోజు కీలు జారింది. ఆ రోజు పొద్దున వాకర్ పట్టుకుని ఇల్లంతా నాలుగుసార్లు తిరిగింది, ఏమీ కాలేదు. మూడు మెట్లు దిగి మళ్లీ ఎక్కింది, అప్పుడూ ఏమీ కాలేదు. సాయంత్రం సోఫాలో కూర్చుని, కుడి పాదానికి బయటి పక్కన పడిన కళ్లజోడు కోసం వంగింది. 'టక్' మని శబ్దం, వెంటనే అమ్మ అరుపు.

'వంగకూడదు' అని హాస్పిటల్‌లో ఇచ్చిన కాగితంలో ఉంది. అమ్మ దాన్ని రెండుసార్లు చదివింది, నేను ఫ్రిజ్ తలుపుకి అంటించాను కూడా. కానీ కళ్లజోడు కింద పడగానే కాగితం ఎవరికి గుర్తొస్తుంది? చెయ్యి డెబ్బై ఏళ్ల అలవాటుతో వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఫిజియోథెరపిస్ట్ దగ్గర కూర్చుని ఒక్కో కదలికా ఎందుకు ప్రమాదమో అడిగి తెలుసుకున్నాను. నాకు అర్థమైంది ఇది: నియమాలు గుర్తుపెట్టుకోవడం మీద భారం వేస్తే ఏదో ఒక క్షణంలో మరుపు తప్పదు. వంగాల్సిన అవసరమే రాకుండా ఇంటిని, వస్తువుల్ని ముందే అమర్చుకుంటే ఆ మరుపు పెద్దగా నష్టం చేయదు. కింద రాసినదంతా ఆ ఆలోచనతోనే రాశాను.

మీ సర్జన్ లేదా ఫిజియోథెరపిస్ట్ చెప్పింది ఇందులో ఉన్నదానికి వేరుగా ఉంటే వాళ్ల మాటే వినండి. మీ కీలుని లోపల చూసింది వాళ్లు.

ముందుగా: కీలు ఎందుకు జారుతుంది?

తుంటి కీలంటే గిన్నెలో తిరిగే బంతి. తొడ ఎముక పైకొస బంతి, కటి ఎముకలో ఉన్న గుంట గిన్నె. ఆపరేషన్‌లో పాడైన బంతిని తీసేసి, తొడ ఎముక లోపలికి ఒక లోహపు కాడ దింపి, దాని మీద లోహపు బంతినో సిరామిక్ బంతినో బిగిస్తారు. గిన్నె స్థానంలో కొత్త గిన్నె, దాని లోపల ఎక్కువగా గట్టి ప్లాస్టిక్ పొర ఉంటుంది.

పుట్టుకతో వచ్చిన కీలుని ఒక దళసరి సంచిలాంటి పొర, దాని చుట్టూ కండరాలు బిగించి పట్టుకుంటాయి. ఆ సంచిని తెరవకుండా కొత్త కీలు పెట్టడం కుదరదు. చివర్లో కుట్టేస్తారు, కానీ ఆ కుట్టు అతుక్కుని గట్టిపడడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా బంతిని గిన్నెలో నిలిపే పట్టు కాస్త వదులుగానే ఉంటుంది. జారడాల్లో సగానికి పైగా మొదటి మూడు నెలల్లోనే జరగడానికి ఇదొక పెద్ద కారణం.

రెండో కారణం మీట సూత్రం. బంతి కింద ఉండే కాడ మెడ, ఒక హద్దు దాటి కాలు మడిచినప్పుడో తిప్పినప్పుడో గిన్నె అంచుకి తగులుతుంది. అక్కడ ఆగకుండా ఇంకా తోస్తే, ఆ అంచునే ఆనుగా చేసుకుని బంతిని గిన్నెలోంచి పైకి లేపేస్తుంది. మూత కింద చెంచా పెట్టి ఎత్తినట్టు.

భయపడాల్సినంత తరచుగా జరిగేది కాదు. మొదటిసారి మార్పిడి చేయించుకున్న నూరుమందిలో దాదాపు ఒకరి నుంచి ముగ్గురికి కీలు జారుతుంది. పాత కృత్రిమ కీలుని తీసి మళ్లీ కొత్తది పెట్టించుకున్నవాళ్లలో ఈ సంఖ్య బాగా పెరుగుతుంది.

1వ అడుగు: మీ ఆపరేషన్ ఏ వైపు నుంచి చేశారో కనుక్కోండి

చాలామంది దీన్ని అడగరు. నేనూ అడగలేదు. కానీ ఏ కదలిక మీకు ప్రమాదమో ఈ ఒక్క జవాబే నిర్ణయిస్తుంది.

పిరుదు వెనక వైపు నుంచి కోసి చేస్తే, బంతి వెనక్కి జారే అవకాశం ఎక్కువ. అప్పుడు మూడు కదలికలతో జాగ్రత్త. ఒకటి, తొడకీ ఒంటికీ మధ్య మడత 90 డిగ్రీలు దాటడం. రెండు, ఆపరేషన్ కాలు ఒంటి నడిమి గీత దాటి రెండో కాలి వైపు వెళ్లడం. మూడు, ఆ కాలు మోకాలూ బొటనవేలూ లోపలికి తిరగడం. ఒక్కొక్కటీ విడిగా జరిగినదానికంటే, మూడూ కలిసినప్పుడు మరీ ప్రమాదం. గొంతుకూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం, తక్కువ ఎత్తు పీట మీద కూర్చుని పక్కకి వంగడం, వీటన్నిటిలోనూ ఈ కలయికే ఉంది.

ముందు వైపు నుంచి చేస్తే లెక్క తలకిందులవుతుంది. కాలు వెనక్కి బాగా చాపడం, పాదం బయటికి తిప్పడం, ముఖ్యంగా ఈ రెండూ కలవడం ప్రమాదం. వెనక్కి పెద్ద అంగ వేయడం, బోర్లా పడుకోవడం, పాదాలు కదల్చకుండా మంచి కాలి వైపు ఒళ్లు తిప్పి వెనక ఉన్నదేదో అందుకోవడం లాంటివి.

పక్క వైపు నుంచి చేసినప్పుడు జారే అవకాశం తక్కువే. అయితే కాలుని పక్కకి ఎత్తే కండరాన్ని కొంత విడదీసి మళ్లీ కుడతారు కాబట్టి, కొన్ని వారాలు ఆ కాలిని సొంత బలంతో పక్కకి ఎత్తొద్దని సర్జన్ చెప్పవచ్చు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఈ నియమాలన్నీ కఠినంగా పాటించినవాళ్లకీ, కొంత స్వేచ్ఛ ఇచ్చినవాళ్లకీ మధ్య జారడంలో పెద్ద తేడా కనిపించలేదని ఇటీవలి అధ్యయనాలు కొన్ని చెబుతున్నాయి. అందుకని కొందరు సర్జన్లు ఇప్పుడు చాలా తక్కువ ఆంక్షలు పెడుతున్నారు. పక్కింటివాళ్ల సర్జన్ 'ఎలా కావాలంటే అలా కూర్చోండి' అన్నారని మీరూ అలాగే కూర్చోకండి. వాళ్ల ఆపరేషన్ వేరు, బంతి సైజు వేరు, కండరాల బలం వేరు. మీ నియమాలు ఏమిటో, ఎన్ని వారాలో డిశ్చార్జ్ కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి.

ఇకమీద రాసిన కొలతలు, పద్ధతులు ఎక్కువగా వెనక వైపు నుంచి చేసిన ఆపరేషన్‌ని దృష్టిలో పెట్టుకున్నవి. ముందు వైపు వాళ్లకి తేడా ఉన్నచోట చెబుతాను.

2వ అడుగు: ఆపరేషన్‌కి ముందే సర్జన్‌కి ఇవి చెప్పండి

నడుము వెన్నుపూసలు కలిపేసే ఆపరేషన్ అయి ఉంటే తప్పక చెప్పండి. మనం కూర్చున్నప్పుడు మామూలుగా కటి ఎముక వెనక్కి ఒరుగుతుంది. దానితోపాటు గిన్నె కూడా తిరిగి తొడకి చోటిస్తుంది. వెన్ను బిగుసుకుపోయినవాళ్లలో ఈ ఒరగడం ఉండదు. దాంతో మెడ అంచుకి త్వరగా తగులుతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే గిన్నెని ఏ కోణంలో పెట్టాలో, ఎలాంటి బంతి వాడాలో సర్జన్ దానికి తగ్గట్టు ఆలోచిస్తారు.

పార్కిన్సన్స్, పక్షవాతం, మతిమరుపు జబ్బు, తరచూ పడిపోవడం, మద్యం అలవాటు, అదే తుంటికి ఇంతకుముందు జరిగిన ఆపరేషన్, వీటిలో ఏదున్నా దాచకండి. తుంటి విరిగి మార్పిడి చేయించుకుంటున్నవాళ్లకీ, బాగా వయసు పైబడినవాళ్లకీ ప్రమాదం కాస్త ఎక్కువ.

బంతి ఎంత సైజుదో అడగండి. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ ఆధునిక తుంటి మార్పిడికి దారి వేసినప్పుడు వాడిన బంతి దాదాపు 22 మి.మీ. మాత్రమే. ఇప్పుడు 32, 36 మి.మీ. బంతులు మామూలైపోయాయి. బంతి పెద్దదైతే గిన్నెలోంచి బయటికి రావడానికి అది ఎక్కువ దూరం ప్రయాణించాలి, అందుకే తేలిగ్గా జారదు. ప్రమాదం ఎక్కువున్నవాళ్లకి 'డ్యుయల్ మొబిలిటీ' అనే రకం కూడా ఉంది. చిన్న బంతి ఒక పెద్ద ప్లాస్టిక్ బంతిలో, ఆ పెద్ద బంతి గిన్నెలో తిరుగుతుంది. 1970లలో ఫ్రాన్స్‌లో మొదలైన పద్ధతి ఇది. మీకు అది అవసరమా కాదా అన్నది సర్జన్ నిర్ణయం. కానీ అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

3వ అడుగు: హాస్పిటల్‌కి వెళ్లే ముందే ఇల్లు సిద్ధం చేయండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. డిశ్చార్జ్ అయ్యాక చేద్దాంలే అనుకుంటే అప్పటికి చేతులు ఖాళీ ఉండవు.

మొదట కొలత. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపుతో కొలవండి. రోగి కూర్చునే ప్రతి సీటూ దానికంటే కనీసం 5 సెం.మీ. ఎత్తు ఉండాలి. ఉదాహరణకి కొలత 43 సెం.మీ. వస్తే సీటు 48 సెం.మీ.కి తగ్గకూడదు. మనిషి కూర్చున్నాక దిండు అణిగిపోయే ఎత్తుని చూడాలి, ఖాళీ సీటుని కాదు. అమ్మ సోఫా చూడడానికి ఎత్తుగానే ఉండేది. కూర్చోగానే అరచేతి మందం లోపలికి దిగిపోయేది. తర్వాత ఎప్పుడో కొలిచి చూసుకుని చాలా బాధపడ్డాను.

గట్టి సీటు, నిటారు వీపు, రెండు చేతులూ ఉన్న కుర్చీ ఒకటి ఎంచుకోండి. చక్రాలున్నవి, గుండ్రంగా తిరిగేవి, ఊగేవి వద్దు. మిగతా సోఫాలు, పీటలు, స్టూళ్లు ఆ మూడు నెలలూ రోగి కంటికి కనిపించకుండా వేరే గదిలో పెట్టేయండి. కనిపిస్తే కూర్చుంటారు. మంచం ఎత్తు కూడా అదే కొలతకి సరిపోవాలి. తక్కువైతే దళసరి పరుపు వేయండి, లేదా కాళ్ల కింద కదలని దిమ్మలు పెట్టించండి.

తర్వాత వస్తువులు. రోజూ వాడేవన్నీ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులోకి తెచ్చేయండి. అడుగు అరలోని గిన్నెలు, కింద ప్లగ్‌లో ఉండే ఛార్జర్, మంచం కింద చెప్పులు, వీటిలో ప్రతిదీ వంగమని పిలిచే వస్తువే. కళ్లజోడుకి మెడలో వేసుకునే తాడు కట్టండి. ఫోన్‌కి ఒక చిన్న సంచి కుట్టి మెడలో వేయండి. వాకర్‌కి ముందు వైపు ఒక సంచి తగిలిస్తే నీళ్ల సీసా, మందులు అందులో పెట్టుకోవచ్చు.

కింద పడినదాన్ని అందుకోవడానికి పొడవాటి పట్టుకర్ర దొరుకుతుంది. పైన మీట నొక్కితే కింద కొస మూసుకుని వస్తువుని పట్టుకుంటుంది. రెండు తీసుకోండి. ఒకటి మంచం దగ్గర, ఒకటి కుర్చీ దగ్గర. ఒకటే ఉంటే అది ఎప్పుడూ రెండో గదిలోనే ఉంటుంది.

ముడుచుకునే తివాచీలు, నేల మీద పాకే వైర్లు తీసేయండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టండి. కాళ్లకి అడ్డం వచ్చే పెంపుడు జంతువు ఉంటే, రోగి నడిచేటప్పుడు ఎవరైనా దాన్ని పట్టుకోవాలి.

4వ అడుగు: కూర్చోవడం, లేవడం నేర్చుకోండి

90 డిగ్రీల నియమాన్ని చాలామంది సగమే అర్థం చేసుకుంటారు. మోకాలు ఛాతీ వైపు ఎత్తకపోతే చాలనుకుంటారు. ఛాతీని మోకాలి వైపు వంచినా మడత అదే. సరిగ్గా 90 డిగ్రీల్లో కూర్చున్న మనిషి ముందుకి నాలుగు వేళ్లంత వంగినా హద్దు దాటినట్టే. అందుకే తుంటి ఎప్పుడూ మోకాలి కంటే ఎత్తులో ఉండాలి. అప్పుడు పొరపాటున కొంచెం వంగినా ఇంకా చోటు మిగిలి ఉంటుంది.

కూర్చునే పద్ధతి ఇది:

1. కుర్చీకి వీపు పెట్టి, రెండు పిక్కల వెనకా సీటు తగిలేదాకా చిన్న అడుగులతో వెనక్కి రండి.
2. ఆపరేషన్ కాలిని ముందుకి జరిపి చాపండి.
3. వాకర్ వదిలి, ఒక్కో చెయ్యీ వెనక్కి తెచ్చి కుర్చీ చేతుల్ని పట్టుకోండి.
4. వీపు నిటారుగా ఉంచి, బరువు చేతుల మీదా మంచి కాలి మీదా ఆనించి మెల్లగా దిగండి. ధబ్బున కూలబడొద్దు.

లేచేటప్పుడు దీన్నే తిరగేయాలి. ముందు సీటు అంచుకి జరగాలి, ఆపరేషన్ కాలు చాపాలి, కుర్చీ చేతుల్ని కిందకి నొక్కి లేవాలి. అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. ముక్కుని మోకాళ్ల మీదికి తెచ్చి లేవడం మనందరి అలవాటు. దాన్ని మాన్పించాలంటే ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచే రోజుకి పదిసార్లు కొత్త పద్ధతి సాధన చేయించండి. నొప్పి, మందుల మత్తు ఉన్నప్పుడు కొత్త విద్య ఒంటబట్టదు.

కూర్చున్నాక పాదాలు రెండూ నేల మీద, మోకాళ్ల మధ్య జానెడు ఎడం. అరగంట, ముప్పావుగంటకి ఒకసారి లేచి నాలుగడుగులు వేయాలి.

ఇప్పుడు ఆ కళ్లజోడు సంగతి. కూర్చుని ఉన్నప్పుడు కిందకి చెయ్యి చాచడమే వద్దు. కానీ ఏ దిక్కుకి చాచడం మరీ ప్రమాదమో తెలిసి ఉండాలి. ఆపరేషన్ కాలికి బయటి పక్కకి చాచితే ఒళ్లు ఆ వైపు తిరుగుతుంది, పాదం నేలకి ఆని ఉంటుంది. ఫలితంగా కీలు లోపల తొడ ఎముక లోపలికి తిరిగినట్టవుతుంది. వంగడం, తిరగడం రెండూ ఒకేసారి. అమ్మకి జరిగింది సరిగ్గా అదే. ఆంక్షలు ఎత్తేసి పాదం అందుకోవచ్చని సర్జన్ చెప్పిన తర్వాత కూడా, చేతుల్ని మోకాళ్ల మధ్య నుంచి పోనివ్వడమే మంచిదని ఫిజియోథెరపిస్ట్ మాకు నేర్పింది ఇందుకే.

5వ అడుగు: మంచం మీద

మొదటి వారాల్లో వెల్లకిలా పడుకోవడం అన్నిటికంటే సులువు. రెండు కాళ్ల మధ్య దిండు ఉండాలి. మోకాళ్ల కింద దిండు పెట్టడం హాయిగా ఉన్నా అలవాటు చేయకండి, తుంటి ముందు భాగం బిగుసుకుపోతుంది.

పక్కకి తిరిగి పడుకోవచ్చని అనుమతి వచ్చాక, మంచి కాలి వైపు తిరగండి. దిండు తొడల దగ్గర మొదలై చీలమండల దాకా ఉండాలి. చిన్న దిండు పెడితే నిద్రలో పై కాలు ముందుకి జారి మంచానికి తగులుతుంది, ఆ కాలే ఆపరేషన్ కాలు. ఒక దిండు చాలకపోతే రెండు పెట్టండి. తిరిగేటప్పుడు దిండుతో సహా ఒళ్లంతా ఒక దుంగలా ఒకేసారి తిరగాలి. మొదట్లో పక్కన ఒకరు సాయం పట్టాలి.

దిగేటప్పుడు ఆపరేషన్ కాలి వైపు అంచు నుంచి దిగితే ఆ కాలు మొదట బయటికి వెళుతుంది, నడిమి గీత దాటే అవసరం రాదు. మోచేతుల మీద లేచి, ఒంటినీ కాళ్లనీ కలిపి కొంచెం కొంచెంగా తిప్పండి. కాళ్ల దగ్గరున్న దుప్పటి అందుకోవడానికి లేచి ముందుకి వంగడం నిద్రమత్తులో అందరూ చేసే పని. దుప్పటికి ఒక పొడవాటి గుడ్డపేలిక కుట్టి దాని కొస తలగడ దగ్గర ఉంచండి, లాగితే వస్తుంది.

6వ అడుగు: బాత్రూమ్

గొంతుకూర్చునే మరుగుదొడ్డి వాడనే కూడదు. మామూలు కమోడ్ కూడా చాలామందికి ఎత్తు చాలదు. దాని మీద బిగించే ఎత్తు సీటు, వీలైతే పక్కన పట్టుకోవడానికి చేతులున్నది పెట్టించండి. కదలకుండా బిగిసిందో లేదో ముందు మీరు కూర్చుని చూడండి. శుభ్రం చేసుకోవడానికి ఒళ్లు వెనక్కి మెలితిప్పకుండా, కావాల్సినవి ముందు వైపు చేతికి అందేలా ఉంచాలి.

స్నానానికి రబ్బరు అడుగులున్న ఎత్తు స్టూల్, జారని మ్యాట్, గోడకి గట్టి పట్టుకమ్మీ, పొడవాటి పిడి ఉన్న స్పాంజి. తువ్వాలు ఆరేసే కమ్మీని పట్టుకోకండి, అది మనిషి బరువుని మోయదు. పాదాలు, గోళ్ల పని ఆ మూడు నెలలూ ఇంకెవరైనా చేయాలి.

7వ అడుగు: బట్టలు, చెప్పులు

తొడుక్కునేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, విప్పేటప్పుడు అది ఆఖర్న. కూర్చుని, పట్టుకర్రతో బట్టని మోకాలి దాకా లాగి, తర్వాత నిలబడి పైకి లాక్కోవాలి. మేజోళ్లు తొడగడానికి తాళ్లున్న చిన్న పరికరం వస్తుంది, లేదా ఇంట్లోవాళ్లే తొడగండి. మడమ మూసి ఉండి, లేసులు లేని, జారని అడుగున్న బూట్లు వాడండి. తొడగడానికి పొడవాటి షూహార్న్ ఉంటే వంగక్కర్లేదు. వదులు చెప్పులు వద్దు, కాలి నుంచి జారితే సర్దుకోవడానికి మనిషి వంగుతాడు.

8వ అడుగు: నడవడం, తిరగడం, మెట్లు

నేరుగా నడవడంలో కీలుకి పెద్ద ప్రమాదం లేదు. తిరగడంలో ఉంది. పాదం నేలకి అతికించి ఒంటిని ఆపరేషన్ కాలి వైపు తిప్పితే, వెనక వైపు ఆపరేషన్ అయినవాళ్లకి చెడ్డ కదలిక. అదే పాదం మీద రెండో వైపు తిరిగితే, ముందు వైపు అయినవాళ్లకి చెడ్డది. ఎవరికి ఏదో గుర్తుపెట్టుకోలేకపోతే ఒకటే సూత్రం పెట్టుకోండి: పాదం ఎత్తకుండా తిరగొద్దు. ఎటు తిరగాలన్నా గడియారం ముల్లులా నాలుగైదు చిన్న అడుగులు వేస్తూ తిరగండి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే గిరుక్కున తిరగడం సహజం. కాబట్టి ఇంట్లోవాళ్లే ఎదురుగా వచ్చి మాట్లాడాలి. మా ఇంట్లో పిల్లలకి ఈ ఒక్క నియమం నేర్పడానికే వారం పట్టింది.

మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. కర్ర ఎప్పుడూ ఆపరేషన్ కాలితోపాటే కదులుతుంది. ఒక చెయ్యి గోడకమ్మీ మీద ఉండాలి.

పడిపోవడం వల్ల కీలు జారడమే కాదు, కాడ చుట్టూ ఎముక కూడా విరగవచ్చు. నొప్పి మందులు, నిద్రమాత్రలు తల తిప్పుతాయి. మంచం మీద నుంచి లేచాక ఒక నిమిషం అంచున కూర్చుని, ఆ తర్వాతే నిలబడండి. ఈ రోజుల్లో మద్యం అసలు వద్దు.

9వ అడుగు: కారు ఎక్కడం

ముందు సీటు మేలు. దాన్ని పూర్తిగా వెనక్కి జరిపి, వీపుని కొంచెం వెనక్కి వాల్చండి. సీటు లోతుగా ఉంటే గట్టి దిండు వేయండి. పైన ఒక ప్లాస్టిక్ కవరు పరిస్తే ఒళ్లు తేలిగ్గా జరుగుతుంది. వీపు కారు వైపు పెట్టి ముందు కూర్చోవాలి, తర్వాత వెనక్కి జరిగి, రెండు కాళ్లనీ దగ్గరగా ఉంచి ఒంటితో కలిపి లోపలికి తిప్పాలి. బండి కదిలే ముందు ఆ కవరు తీసేయండి, బ్రేకు వేస్తే మనిషిని ముందుకి జారుస్తుంది. దూర ప్రయాణమైతే గంటకొకసారి ఆగాలి. స్వయంగా నడపడం సర్జన్ అనుమతించాకే.

దాంపత్య జీవితం గురించి అడగడానికి మనవాళ్లు సిగ్గుపడతారు, డాక్టర్లు కూడా వాళ్లంతట వాళ్లు చెప్పరు. సాధారణంగా ఆరు వారాలు దాటాక, ఆపరేషన్ అయిన మనిషి వెల్లకిలా ఉండి, కాలు మరీ మడవకుండా, లోపలికి తిప్పకుండా ఉంటే ఇబ్బంది ఉండదు. సందేహముంటే అడగండి, ఇది వాళ్లకి కొత్త ప్రశ్న కాదు.

10వ అడుగు: కండరాలకి బలం

ఆంక్షలు తాత్కాలికం. కీలుని ఏళ్ల తరబడి నిలిపేది పిరుదు కండరాలు, ముఖ్యంగా కాలిని పక్కకి ఎత్తే కండరం. మొదటి రోజు నుంచే పడుకుని చేసేవి ఉన్నాయి. పాదాలు పైకీ కిందకీ ఆడించడం రక్తం గడ్డకట్టకుండా సాయపడుతుంది. పిరుదులు బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం, మోకాలిని పరుపుకి నొక్కడం, మడమని పరుపు మీదే జరుపుతూ మోకాలు కొద్దిగా మడవడం, ఇవి రోజుకి మూడు పూటలా పది చొప్పున చేయవచ్చు. తర్వాత ఫిజియోథెరపిస్ట్ చెప్పినప్పుడు, గట్టి బల్ల పట్టుకుని నిలబడి కాలిని పక్కకి ఎత్తడం మొదలుపెట్టండి. బొటనవేలు ముందుకే చూడాలి. పక్క వైపు నుంచి ఆపరేషన్ అయినవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఆపరేషన్ కాలి మీద నిలబడి మంచి కాలు ఎత్తగానే నడుము మంచి కాలి వైపు కిందకి వాలిపోతుంటే, ఆ కండరం ఇంకా బలహీనంగా ఉందని అర్థం. నొప్పి పోయింది కదా అని అప్పుడు కర్ర పారేయకండి.

జారిందని అనుమానం వస్తే

ఒక్కసారిగా భరించలేని నొప్పి, తరచుగా ఒక శబ్దం, కాలి మీద బరువు ఆనించలేకపోవడం, కాలు రెండోదాని కంటే పొట్టిగా కనిపించడం. వెనక్కి జారితే పాదం లోపలికి తిరిగి ఉంటుంది, ముందుకి జారితే బయటికి.

నిలబెట్టడానికి చూడకండి. లాగి సరిచేస్తామని ఎవరొచ్చినా ముట్టుకోనివ్వకండి, ఎముక విరగవచ్చు, పక్కనే పోయే పెద్ద నరం దెబ్బతినవచ్చు. మనిషి ఎలా ఉంటే నొప్పి తక్కువో అలాగే ఉంచి, కాలి చుట్టూ దిండ్లు సర్ది అంబులెన్స్‌ని పిలవండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టకండి. పాదం తిమ్మిరెక్కినా, పాదాన్ని పైకి ఎత్తలేకపోతున్నా ఆ సంగతి వచ్చినవాళ్లకి మొదటే చెప్పండి. ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు ఒక కవరులో తలుపు దగ్గరే ఉంటే ఆ టెన్షన్‌లో వెతుక్కునే పని తప్పుతుంది.

చాలాసార్లు మత్తిచ్చి, కోయకుండానే బంతిని లోపలికి చేరుస్తారు. అమ్మకీ అలాగే చేశారు, మర్నాడు ఇంటికొచ్చింది. ఒకసారి జారిన కీలు మళ్లీ జారే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆంక్షల గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలైంది. పదే పదే జారుతుంటే, గిన్నె కోణం తప్పిందా, కండరం తెగిందా అని పరీక్షించి, పెద్ద బంతో డ్యుయల్ మొబిలిటీయో పెట్టి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

మూడో నెల తర్వాత

పరీక్షకి వెళ్లినప్పుడు 'ఇక అంతా మామూలేనా?' అని అడగకండి, జవాబు కూడా అంత మోటాగానే వస్తుంది. ఏ పక్కకి పడుకోవచ్చు, ఎంత తక్కువ ఎత్తులో కూర్చోవచ్చు, పాదం అందుకోవచ్చా, నేల మీద కూర్చోవచ్చా, ఒక్కొక్కటీ విడిగా అడిగి రాసుకోండి. చాలా పనులు తిరిగి వస్తాయి. బాగా మడిచి, లోపలికి తిప్పి, పక్కకి వంగే కలయిక మాత్రం ఎప్పటికీ మంచిది కాదు.

కీలు చాలా ఏళ్ల తర్వాత కూడా జారవచ్చు. లోపలి ప్లాస్టిక్ పొర అరగడం, వయసుతో కండరాలు సన్నబడడం, కొత్తగా వెన్ను ఆపరేషన్ జరగడం దానికి దారితీస్తాయి. వెన్నుకి ఆపరేషన్ అనుకుంటే తుంటి సర్జన్‌కి కూడా ముందే చెప్పండి. ఎప్పుడైనా గజ్జల్లో కొత్త నొప్పి మొదలైనా, లేచేటప్పుడు లోపల ఏదో కదిలి మళ్లీ కూర్చున్నట్టు అనిపించినా, మళ్లీ పరీక్ష తేదీ వచ్చేదాకా ఆగకుండా వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి.